చార్లీ ప్రైడ్: పత్తి చేలు, బేస్‌బాల్, కొలిమి, ఆ తర్వాతే పాట

పల్లెపాట

కంట్రీ మ్యూజిక్, అంటే అమెరికా పల్లెల పాట, మాటొస్తే మన వేదికలో జానీ క్యాష్, డాలీ పార్టన్, జాన్ డెన్వర్ పేర్ల దగ్గరే ఆగిపోతాం. చార్లీ ప్రైడ్ గురించి ఎవరైనా రాసినా ఒక్కటే ముక్క రాస్తారు: నల్లజాతి గాయకుడని జనానికి తెలియకుండా కంపెనీ ఫోటో దాచి రికార్డులు అమ్మిందని. ఆ ముక్కతో కథ మొత్తం అయిపోయినట్టు అనిపిస్తుంది. నాకది అన్యాయంగా తోస్తుంది. 1966 జనవరిలో మొదటి రికార్డు వచ్చేసరికి ఆయనకు 31 ఏళ్లు. అన్నేళ్లూ ఆయన ఎక్కడున్నాడు, ఏం పని చేశాడు, ఎన్నిచోట్ల వద్దనిపించుకున్నాడు అన్నదే నా దృష్టిలో అసలు కథ. దాని గురించే ఇక్కడ మాట్లాడుకుందామని ఈ థ్రెడ్.

మొదలు నేనే పెడతాను. పుట్టింది 1934 మార్చి 18న, మిసిసిపీ రాష్ట్రంలో స్లెడ్జ్ అనే చిన్న ఊళ్లో. 11 మంది పిల్లల్లో ఒకడు. తండ్రి 'చార్ల్' అని పేరు పెట్టాలనుకుంటే, కాగితాల మీద 'చార్లీ' అని పడింది, అదే ఉండిపోయింది. తండ్రి పాలుకు సాగు చేసే రైతు. భూమి దొరది, కష్టం వీళ్లది, పంటలో పెద్ద భాగం ఇచ్చేయాలి. పిల్లలందరూ పత్తి తీసినవాళ్లే. ఇంట్లో ఒక ఫిల్కో రేడియో ఉండేది. శనివారం రాత్రి తండ్రి దాన్ని నాష్‌విల్ స్టేషన్‌కి తిప్పేవాడు. 14 ఏళ్లప్పుడు సియర్స్ కంపెనీ నుంచి ఒక చవక గిటారు కొనుక్కుని, రేడియోలో విన్నదాన్ని విన్నట్టు వాయించుకుంటూ నేర్చుకున్నాడు. గురువు ఎవరూ లేరు.

కొత్తశ్రోత

పల్లెపాట గారూ, ఒక సందేహం. మిసిసిపీ డెల్టా అంటే బ్లూస్, నల్లజాతివాళ్ల ఆ కష్టాల పాట, పుట్టిన నేల కదా. క్లార్క్స్‌డేల్ అక్కడికి దగ్గరే. ఆ చుట్టుపక్కల నల్లజాతి కుర్రాడు ఎవరైనా గిటారు పట్టుకుంటే బ్లూస్ పాడతాడనుకుంటాం. ఈయనకు కంట్రీ ఎలా అబ్బింది? ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదా?

రేడియోరాత్రులు

దీనికి జవాబు సగం రేడియో టవర్‌లోనే ఉంది. నాష్‌విల్‌లోని డబ్ల్యూఎస్ఎం స్టేషన్ 650 కిలోహెర్ట్జ్ మీద, 50,000 వాట్ల శక్తితో నడిచేది. రాత్రిపూట అదే ఫ్రీక్వెన్సీలో వేరే స్టేషన్ అడ్డు రాకుండా దానికి రక్షణ ఉండేది. చీకటి పడ్డాక మీడియం వేవ్ తరంగాలు ఆకాశంలో పైనున్న అయనోస్ఫియర్ పొరని తాకి తిరిగి దిగుతాయి కాబట్టి వందల మైళ్ల అవతల కూడా స్పష్టంగా వినిపిస్తాయి. మన పాత రేడియో శ్రోతలకు ఇది అనుభవమే, రాత్రయితే ఎక్కడెక్కడి స్టేషన్లో తగిలేవి. అలా 1925లో మొదలైన 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' కార్యక్రమం డెల్టా పత్తి చేలల్లోని గుడిసెల్లోకి నేరుగా వచ్చేది. రాయ్ అకఫ్, ఎర్నెస్ట్ టబ్, తర్వాత హ్యాంక్ విలియమ్స్. చార్లీ చెవిలో పడ్డవి ఈ గొంతులే. పిల్లవాడికి తెలిసింది ఆ పాట బాగుందని, అంతే.

ఇంకో మాట కూడా చెప్పాలి. కంట్రీ సంగీతం తెల్లవాళ్ల సొత్తు అన్నదే తప్పుడు లెక్క. బాంజో ఆఫ్రికా మూలాలున్న వాయిద్యం. హ్యాంక్ విలియమ్స్‌కి అలబామాలో చిన్నప్పుడు గిటారు చెప్పింది రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధి గాయకుడు. ఆప్రీ తొలినాళ్ల పెద్ద తారల్లో డెఫర్డ్ బెయిలీ ఒకడు. మౌతార్గాన్ వాయించే నల్లజాతి కళాకారుడు. 1941లో ఆయన్ని తీసేశారు. అక్కడి నుంచి పావు శతాబ్దం ఆ వేదిక దాదాపు ఒకే రంగు. ప్రైడ్ అడుగుపెట్టింది ఆ ఖాళీలోకి. బయటివాడిగా కాదు, ఇంటివాడిగా.

బేస్‌బాల్‌బాబాయ్

పాట గురించి మీరంతా చెప్తారు, నేను ఆట గురించి చెప్తాను. ఎందుకంటే చార్లీ ప్రైడ్‌కి గాయకుడు కావాలన్నది మొదటి కోరిక కాదు. అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై స్థాయి మేజర్ లీగ్, అప్పటిదాకా తెల్లవాళ్లదే. 1947లో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడు బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున అందులో అడుగుపెట్టినప్పుడు చార్లీకి 13 ఏళ్లు. పత్తి చేను దాటి బయటపడే దారి అక్కడ కనిపించింది.

పిచ్చర్‌గా ఆడేవాడు. తెలియనివాళ్ల కోసం, క్రికెట్లో బౌలర్ లాంటి పాత్ర. నల్లజాతి ఆటగాళ్ల లీగుల్లో మెంఫిస్ రెడ్ సాక్స్ జట్టుకు ఆడాడు. 1953లో న్యూయార్క్ యాంకీస్ వాళ్ల కింది స్థాయి జట్టు, ఐడహో రాష్ట్రంలోని బోయిసీ యాంకీస్, ఆయన్ని తీసుకుంది. చెయ్యి దెబ్బతింది, బంతిలో వేగం పోయింది, వదిలేశారు. ఆ తర్వాత లూయీవిల్ క్లిప్పర్స్ అనే జట్టు ఆయన్నీ ఇంకో ఆటగాణ్నీ కలిపి బర్మింగ్‌హామ్ బ్లాక్ బేరన్స్‌కి అమ్మేసింది. ఎంతకో తెలుసా? ఒక పాత బస్సుకి. ఆ జట్టు ప్రయాణాలకు బస్సు కావాల్సి వచ్చింది, ఇద్దరు మనుషుల్ని ఇచ్చి బస్సు తెచ్చుకున్నారు. ఈ విషయం చదివిన ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టవుతుంది.

1956లో సైన్యానికి పిలుపొచ్చింది. కొలరాడోలోని ఫోర్ట్ కార్సన్‌లో ఉన్నాడు. అదే ఏడాది రోజీన్‌తో పెళ్లి. 1958లో బయటికొచ్చి మళ్లీ మెంఫిస్ జట్టుకే వెళ్లాడు. అప్పటికి మేజర్ లీగ్ జట్లు మంచి నల్లజాతి ఆటగాళ్లను తీసుకుపోవడంతో వాళ్ల సొంత లీగులు చితికిపోతున్నాయి. రాబిన్సన్ తెరిచిన తలుపే ఇటువైపు ఉన్నవాళ్ల జీతాలు ఎండగట్టింది. అందుకే 1960లో చార్లీ మోంటానా వెళ్లాడు. ఆట కోసమే వెళ్లాడు, పాట కోసం కాదు.

కొత్తశ్రోత

బాబాయ్ గారూ, మోంటానా అంటే కెనడా సరిహద్దు దగ్గర కదా? అక్కడ నల్లజాతివాళ్లు అసలు ఉంటారా?

పల్లెపాట

చాలా చాలా తక్కువ. ఇక్కడి నుంచి నేను అందుకుంటాను, ఎందుకంటే నాకు ఆయన జీవితంలో బాగా ఇష్టమైన భాగం ఇదే.

మొదట మిజూలా జట్టులో చేరితే కొద్ది ఆటలకే తీసేశారు. తర్వాత హెలెనా పట్టణం పక్కనే ఉన్న ఈస్ట్ హెలెనాలో సీసం, జింకు ఖనిజాన్ని కరిగించే పెద్ద ఫ్యాక్టరీలో పని దొరికింది. కొలిమికి బొగ్గు వేయడం, కాలిన గాయాలు, విషపు పొగలు. ఆ ఫ్యాక్టరీకి సొంత బేస్‌బాల్ జట్టు ఉంది, పేరు స్మెల్టరైట్స్. పగలు ఫ్యాక్టరీ పని, సెలవు రోజుల్లో ఆట. ఈయన పాడతాడని జట్టు మేనేజర్‌కి తెలిసింది. ఆటకు ముందు పావుగంట పాడితే అదనంగా 10 డాలర్లు ఇస్తానన్నాడు. పాట వినడానికే జనం పెరిగారు. అక్కడి నుంచి ఆ చుట్టుపక్కల బార్లు, క్లబ్బులు. రాత్రి పాడి, తెల్లారి కొలిమి దగ్గరికి.

ఆలోచించండి, శ్రోతలంతా తెల్లజాతి గని కార్మికులు, పశువుల కాపర్లు, ఫ్యాక్టరీ కూలీలు. వాళ్లకు హ్యాంక్ విలియమ్స్ పాట నోటికొచ్చు, ఎక్కడ తప్పు పాడినా పట్టేస్తారు. అలాంటి జనం ముందు ఏళ్ల తరబడి పాడాడు. ఆయన గొంతు తయారైంది నాష్‌విల్ స్టూడియోలో కాదు, అక్కడే. తర్వాత ఎవరికీ ఎదురుకాని పరీక్ష డెట్రాయిట్‌లో ఎదురైనప్పుడు తట్టుకోగలిగాడంటే, మోంటానాలో ఎన్నో రాత్రులు అదే పరీక్ష చిన్న స్థాయిలో రాసి ఉన్నాడు కాబట్టి.

రెడ్ ఫోలీ, రెడ్ సొవైన్ అనే ఇద్దరు పేరున్న కంట్రీ గాయకులు హెలెనాకి కచేరీకి వచ్చినప్పుడు ఈయన పాట విన్నారు. నాష్‌విల్ రమ్మన్నారు. ఈయన వెంటనే వెళ్లలేదు! బేస్‌బాల్ మీద ఆశ ఇంకా చావలేదు.

బేస్‌బాల్‌బాబాయ్

అవును. 1963లో సెలవు పెట్టి ఫ్లోరిడాలో న్యూయార్క్ మెట్స్ శిక్షణ శిబిరానికి సొంత ఖర్చుతో వెళ్లాడు. అప్పుడు మెట్స్ చాలా బలహీనమైన జట్టు, అందుకే అవకాశం దొరుకుతుందనుకున్నాడు. మేనేజర్ కేసీ స్టెంగెల్ ఆయన్ని చూడను కూడా చూడలేదు, పంపించేశారు. తిరుగు ప్రయాణంలో దిగిన ఊరు నాష్‌విల్. ఆటలో ఆఖరి తలుపు మూసుకున్న ఆ ప్రయాణంలోనే పాట తలుపు తట్టాడు.

తీగలు

నాష్‌విల్‌లో ఆ తర్వాత జరిగింది కూడా ఒక్క రోజు పని కాదు. ఫోలీ, సొవైన్ చెప్పిన సీడర్‌వుడ్ పబ్లిషింగ్ కంపెనీకి వెళ్లాడు. అక్కడ జాక్ జాన్సన్ ఆయన పాట విని మేనేజర్‌గా ఉంటానన్నాడు. కానీ ఆ టేపు పట్టుకుని జాన్సన్ తిరిగిన ప్రతి కంపెనీ వద్దంది. చార్లీ మళ్లీ మోంటానా వెళ్లిపోయి కొలిమి పనిలోనే ఉన్నాడు. 1965లో జాన్సన్ ద్వారా విషయం ప్రొడ్యూసర్ జాక్ క్లెమెంట్‌కి చేరింది. క్లెమెంట్ మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్ కంపెనీలో పనిచేసినవాడు, రాక్ అండ్ రోల్ గాయకుడు జెర్రీ లీ లూయిస్‌ని మొదట రికార్డు చేసినవాడు. చార్లీకి ఏడు పాటలు ఇచ్చి నేర్చుకోమన్నాడు. నేర్చుకుని వచ్చాక రెండు పాటలు రికార్డు చేశారు. ఆ టేపు ఆర్‌సీఏ అనే పెద్ద రికార్డు కంపెనీలో నాష్‌విల్ వ్యవహారాలు చూసే చెట్ ఆట్కిన్స్ చేతికి వెళ్లింది.

వాయించేవాడిగా నా గమనిక ఒకటి. అప్పట్లో నాష్‌విల్ అంతా వయొలిన్ల గుంపు, కోరస్ కలిపి పాటను మెత్తబరుస్తోంది. పాప్ శ్రోతల్ని పట్టుకోవాలని. ప్రైడ్ తొలి రికార్డుల్లో మాత్రం స్టీల్ గిటారు, ఫిడిల్ ముందుంటాయి. లాయిడ్ గ్రీన్ స్టీల్ గిటారు వినండి, గొంతు ఆగిన చోటల్లా అది మాట్లాడుతుంది. గొంతు చూస్తే బారిటోన్, అంటే కాస్త బరువైన మగ గొంతు, ప్రతి మాటా విడివిడిగా తెలుస్తుంది, అనవసరమైన గమకం లేదు. ఈయన కంట్రీ గాయకుడు కాడని ఎవరూ అనలేనంత అచ్చమైన కంట్రీ అది. నాకైతే ఇది క్లెమెంట్ తీసుకున్న తెలివైన నిర్ణయం.

గోదారిగట్టు

ఇంతవరకూ అంతా ఆసక్తిగా చదివాను. కానీ ఫోటో సంగతిని మీరు తేలిగ్గా దాటేస్తున్నారు. మొదటి సింగిల్స్, అంటే ఆల్బమ్ కాకుండా విడిగా వచ్చే పాటల రికార్డులు, రేడియో స్టేషన్లకు పంపినప్పుడు మామూలుగా జతచేసే ఫోటో, పరిచయం పంపలేదు. రికార్డు మీద 'కంట్రీ చార్లీ ప్రైడ్' అని పేరు వేశారు. ఒక మనిషి ముఖం దాచితే తప్ప ఆయన పాట అమ్ముడుపోదని కంపెనీ అనుకుంది. దాన్ని వ్యాపార తెలివి అని మెచ్చుకోవడం నాకు మింగుడుపడదు. అవమానం అవమానమే.

పల్లెపాట

గోదారిగట్టు గారూ, అవమానం కాదని నేననను. కానీ 'మోసం చేసి ఎక్కించారు' అన్న కథనంతోనే నా పేచీ. జరిగిన వరస చూడండి. చెట్ ఆట్కిన్స్ కంపెనీ పెద్దల సమావేశంలో ముందు టేపు వినిపించాడు. అందరికీ నచ్చాక, పాడింది ఎవరో చెప్పాడు. తెలిసే సంతకం చేశారు. అదే 1966లో వచ్చిన మొదటి ఆల్బమ్ అట్ట మీద ఆయన ముఖం ఉంది. అంటే దాపరికం తొలి సింగిల్స్ వరకే. ఆ తొలి రెండు సింగిల్స్ చార్టుల్లోకి ఎక్కనే లేదు కూడా. మూడోది, 'జస్ట్ బిట్వీన్ యూ అండ్ మీ', 9వ స్థానం దాకా వెళ్లి గ్రామీ నామినేషన్ తెచ్చింది. ఫోటో దాచడమే కారణమైతే మొదటి రెండూ ఎందుకు ఆడలేదు? మూడో పాట బాగుంది, జనం పట్టుకున్నారు.

గోదారిగట్టు

లెక్క ఒప్పుకుంటాను. నా ప్రశ్న వేరు. దాచినదాని బరువు ఎవరు మోశారు? కంపెనీ ఆఫీసులో కూర్చున్నవాళ్లు కాదు. ప్రతి సాయంత్రం వేదిక ఎక్కినప్పుడు, ఏమీ తెలియని వేలమంది ముందు ఆ ఒక్క క్షణాన్ని ఆయనే దాటాలి. డెట్రాయిట్ గురించి ఎవరైనా వివరంగా రాయండి. మన కొత్తశ్రోతకి అది తెలియాలి.

రేడియోరాత్రులు

నేను రాస్తాను. 1966 చివర్లో డెట్రాయిట్ ఒలింపియా స్టేడియంలో ప్యాకేజీ షో, అంటే చాలామంది గాయకులు ఒకరి తర్వాత ఒకరు పాడే కచేరీ. మెర్ల్ హ్యాగర్డ్, బక్ ఓవెన్స్ లాంటివాళ్లు ఉన్నారు. జనం 10,000 మంది పైనే. పేరు ప్రకటించగానే చప్పట్లు మోగాయి, రేడియోలో విన్న గొంతు కదా. ఆయన వెలుతురులోకి రాగానే చప్పట్లు సన్నగిల్లి ఆగిపోయాయి. ఆయన మైకు దగ్గరికి వెళ్లి, ఈ శాశ్వతమైన టాన్‌తో (ఎండకు నల్లబడ్డ రంగుతో) వచ్చి కంట్రీ పాటలు పాడటం మీకు వింతగా ఉంటుందని నాకు తెలుసు అన్న అర్థంలో ఒక మాట అన్నాడు. జనం నవ్వారు, చప్పట్లు మళ్లీ అందుకున్నాయి. పాడటానికి ఉన్న సమయం కొద్దిపాటి పాటలకే. పాడాడు. తర్వాత చాలాకాలం ఆ మాటనే కచేరీల్లో వాడాడు.

గమనించండి, ఆ ఏడాదికి జాతి వివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టం వచ్చి రెండేళ్లే. 1967 జనవరిలో ఆప్రీ వేదిక మీద తొలిసారి పాడినప్పుడు ఆయన్ని పరిచయం చేసింది ఎర్నెస్ట్ టబ్. చిన్నప్పుడు తండ్రి రేడియోలో విన్న అదే ఎర్నెస్ట్ టబ్.

తీగలు

గోదారిగట్టు గారు అన్న బరువు మాటకి ఇంకో ఆధారం ఉంది. 1994లో వచ్చిన ఆత్మకథలో, తనకు బైపోలార్ సమస్య ఉందని, ఏళ్ల తరబడి దానితో పోరాడానని ఆయనే బయటపెట్టాడు. మానసిక ఆరోగ్యం గురించి కంట్రీ తారలు నోరు విప్పని కాలంలో. వేదిక మీద నవ్వుతూ కనిపించే మనిషి గురించి తెలిశాక నాకు ఆ పాత లైవ్ రికార్డింగులు వేరేగా వినిపిస్తున్నాయి. ఆ సమస్యకు జాతి వివక్షే కారణమని నేను అనను, అలా చెప్పడం సరికాదు. కానీ రెండూ ఒకే మనిషి మోశాడు.

కొత్తశ్రోత

నాకొకటి అర్థం కావట్లేదు. అంత వివక్ష ఉన్న కాలంలో ఆయన పాటల్లో దాని గురించి ఒక్క మాటా లేదా? అన్నీ ప్రేమ పాటలేనా?

పల్లెపాట

ఎక్కువగా ప్రేమ, విరహం, ఇల్లు, భక్తి. దీనిమీద ఆయనకు విమర్శలూ వచ్చాయి. తనను 'కంట్రీ సంగీతంలో జాకీ రాబిన్సన్' అని పిలిచినా ఆయన పెద్దగా మురిసిపోలేదు. తను గాయకుడు, ఇవి తన పాటలు, అంతే అనేవాడు. నేను ఆయన పక్షమే. పత్తి చేనులో పుట్టినవాడు తనకు నచ్చిన పాట పాడతాననడం కూడా ఒక హక్కే. నల్లజాతి గాయకుడు కాబట్టి ఫలానా విషయమే పాడాలని అడగడం, నల్లవాడివి కాబట్టి కంట్రీ పాడకూడదు అనడానికి ఎంతో దూరంలో లేదు.

గోదారిగట్టు

ఆ మాట బాగుంది, పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఆయన వెనక ఎంతమంది రాగలిగారో చూడండి. 1969లో 'ఆల్ ఐ హ్యావ్ టు ఆఫర్ యూ ఈజ్ మీ' మొదటి స్థానానికి వెళ్లింది. కంట్రీ చార్టులో నల్లజాతి కళాకారుడికి ఆ స్థానం దక్కడం 1944లో లూయిస్ జోర్డన్ తర్వాత అదే. 1971లో 'కిస్ యాన్ ఏంజెల్ గుడ్ మార్నిన్', అదే ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్ల 'ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్'. పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ చార్టులో 29 పాటలు నంబర్ వన్. ఆయన ఆఖరి నంబర్ వన్ 1983లో. ఆ తర్వాత మరో నల్లజాతి గాయకుడు సోలోగా ఆ స్థానం చేరింది 2008లో, డేరియస్ రక్కర్. మధ్యలో 25 ఏళ్లు! తలుపు తెరిచాడు అంటాం. ఆయన ఒక్కడు వెళ్లాక తలుపు మళ్లీ వేసేశారని నేనంటాను.

రేడియోరాత్రులు

ఆ 25 ఏళ్లకి ప్రైడ్ బాధ్యుడు కాదు, రేడియో స్టేషన్లూ కంపెనీలూ బాధ్యులు. ఒక నల్లజాతి గాయకుడు ఉన్నాడు కదా, చాలు అనుకున్నారు. కళాకారులు మాత్రం చాలామంది ముందే మారారు. లొరెటా లిన్ సంగతి తెలుసు కదా? అవార్డు సభలో ప్రైడ్‌కి బహుమతి ఇవ్వాల్సి వస్తే, టీవీలో చూస్తుంటారు, మీద చెయ్యి వేయకు, వెనక్కి జరుగు అని ఆమెకు ముందే చెప్పారట. ఆమె అందరి ముందూ కౌగిలించుకుని ముద్దు పెట్టింది. కెంటకీ బొగ్గు గనుల ఊరి నుంచి వచ్చిన పేద పిల్ల ఆమె. ఎవరు తనవాళ్లో ఆమెకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

డాలస్‌దారి

ఆలస్యంగా వచ్చాను. నేనుండేది డాలస్ పక్కనే, మన తెలుగువాళ్లు ఇన్నివేలమంది ఉన్న ఈ ఊరే ఆయన ఊరు కూడా అని చాలామందికి తెలియదు. 1969లో మోంటానా నుంచి కుటుంబంతో ఇక్కడికి మారిపోయి చివరిదాకా ఇక్కడే ఉన్నాడు. పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో ప్యాంథర్ హాల్ అనే చోట రికార్డు చేసిందే ఆయన తొలి లైవ్ ఆల్బమ్, 'ఇన్ పర్సన్'. బేస్‌బాల్‌బాబాయ్ గారికి నచ్చే సంగతి ఒకటి: మేజర్ లీగ్‌లో ఆడనివ్వని ఆ మనిషి 2010లో టెక్సాస్ రేంజర్స్ జట్టు యజమానుల్లో ఒకడయ్యాడు. దానికి చాలా ముందు నుంచే వాళ్ల శిక్షణ శిబిరానికి వెళ్లి ఆటగాళ్లతో కలిసి ప్రాక్టీస్ చేసేవాడు. 2020 డిసెంబరు 12న ఇక్కడే, కోవిడ్ వల్ల పోయాడు. అప్పటికి నెల కిందటే నాష్‌విల్‌లో జీవిత సాఫల్య పురస్కారం అందుకుని, జిమ్మీ అలెన్ అనే నల్లజాతి యువ గాయకుడితో కలిసి పాడాడు.

బేస్‌బాల్‌బాబాయ్

డాలస్‌దారి, మంచి కబురు చెప్పావు నాయనా. బస్సుకి మారకం వేసిన మనిషి జట్టుకే యజమాని అయ్యాడు. అయినా నేను ఆ బస్సు సంగతి మర్చిపోలేను.

కొత్తశ్రోత

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు ఎక్కడి నుంచి వినడం మొదలుపెట్టాలో చెప్పండి. 'బెస్ట్ ఆఫ్' ఆల్బమ్‌తోనా?

తీగలు

వద్దు. ముందు డాలస్‌దారి చెప్పిన 'ఇన్ పర్సన్' వినండి. 1968లో టెక్సాస్ జనం ముందు ఆయన ఎలా మాట్లాడతాడో, పాటకీ పాటకీ మధ్య ఎలా నవ్విస్తాడో అందులో ఉంది. పైన రేడియోరాత్రులు గారు రాసిన డెట్రాయిట్ క్షణం ఎలా ఉండి ఉంటుందో ఊహకి అందుతుంది. ఆ తర్వాత 1966 నాటి మొదటి ఆల్బమ్, స్టీల్ గిటారు కోసం. 'కిస్ యాన్ ఏంజెల్' ఎలాగూ మీకే ఎదురవుతుంది. 'క్రిస్టల్ షాండెలియర్స్' కూడా వదలకండి. అమెరికాలో అది సింగిల్‌గా రాకపోయినా ఐర్లండ్‌లో ఇంటింటి పాటయింది. 1976లో ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో, కాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ మధ్య గొడవలు నడుస్తూ, బాంబుల భయంతో పెద్ద కళాకారులెవరూ వెళ్లని రోజుల్లో ఆయన వెళ్లి రిట్జ్ సినిమా హాల్లో పాడితే, కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఒకే హాల్లో కూర్చుని విన్నారు. ఆ ముచ్చట పెద్దది, కావాలంటే దానికి వేరే థ్రెడ్ తెరుస్తాను.